మోకాళ్ల పొడికి ఐదు చుక్కలు

నేను రాసిన రివ్యూను వాళ్లు వెనక్కి కొట్టారు. "మీ అభిప్రాయం మా నిబంధనలకు లోబడి లేదు" అని ఒక్క వాక్యం, దాని కింద చేతులు జోడించిన బొమ్మ. ఆ వాక్యం మీదకంటే ఆ బొమ్మ మీద నాకు ఎక్కువ కోపం. వద్దన్నవాడు వద్దని ఊరుకోవాలి గానీ, దండం పెట్టడం ఎందుకు?

ఆసుపత్రి మందుల కిటికీల వెనక కొత్తగా కూర్చుంటున్న పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతారు. సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది సార్ అని. నాకు అసలు మర్చిపోవడమే రాదు. ఏ డాక్టరు నన్ను "ఏయ్ మాత్రలాయనా" అని కేకేశాడో, ఏ సూపరింటెండెంటు నా సెలవు చీటీ మీద కాఫీ గ్లాసు పెట్టుకున్నాడో, రిటైరైన రోజు నాకు కప్పిన శాలువా ఎంత పొట్టిదో, అన్నీ గుర్తే. మీరు అడిగేది వాటి గురించి కాదు కాబట్టి ఈ పొడి సంగతి చెబుతాను. ఇందులోనూ అవమానాలకు లోటు లేదు.

నాది హిందూపురం. చివరి ఏళ్ల ఉద్యోగం ధర్మవరంలో, ఒక సర్కారు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా. పొద్దున్నే రైలు. పెనుకొండలో మా ల్యాబ్ టెక్నీషియన్ ఎక్కేవాడు. హిందూపురం నుంచి కిటికీ పక్క సీటు పట్టుకుని కూర్చున్నది నేను. వాడు ఎక్కగానే "జరుగన్నా, నాకు గాలి కావల్ల" అని నన్ను నడిమధ్యకి తోసేవాడు. అన్నేళ్లలో ఒక్కరోజు కూడా "నువ్వే కూర్చో" అనలేదు.

ధర్మవరంలో మా దగ్గరికి మోకాళ్ల నొప్పులని, నడుము నొప్పులని వచ్చేవాళ్లలో ఎక్కువమంది మగ్గం వాళ్లు. గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం తొక్కేవాళ్లకు మోకాళ్లు ఎందుకు నిలుస్తాయి? నొప్పి మాత్రలు, కాల్షియం, పూతమందు ఇచ్చేవాళ్లం. అలా చాలాకాలంగా వచ్చే ఒకామె ఉండేది. నలభై దాటి ఉంటాయి. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ నేసేవాళ్లు. నేసిన పట్టుచీరల్ని ఆమే ఫోన్లో ఫొటోలు తీసి, ఒక అమ్మకాల యాప్‌లో పెట్టి అమ్మేది. ఒకరోజు వచ్చి, నేను అంతకుముందు ఇచ్చిన మాత్రల పొట్లం కిటికీలోంచి నావైపు తోసింది.

"ఇవి ఎవురికన్నా అవసరమైనోళ్లకి ఇయ్యండి సార్. నాకింక పనిలేదు."

"ఏమమ్మా, నొప్పి పోయిందా?"

"పోయింది సార్. ఫోన్లో పొడి తెప్పించుకున్నా. పాలల్లో కలుపుకోని తాగేది. మీ మాత్రలు యాడాది మింగినా గుంతలోంచి లేయాలంటే మా ఆయన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది. ఈ పొడి వారంలో లేపి నిలబెట్టింది."

వరుసలో వెనక నిలబడినవాళ్లు నవ్వారు. ఒక ముసలాయన "అయితే ఆ పొడే పంచిపెట్టమని చెప్పు సార్‌కి" అన్నాడు. ఆమె ఫోన్ తీసి కిటికీకి ఆనించి చూపించింది. డబ్బా బొమ్మ, దాని కింద వరుసగా పసుపు చుక్కలు. స్టార్లను వాళ్లు చుక్కలంటారు. ఎక్కడ చూసినా ఐదే. జనం తెలుగులో, కన్నడలో, హిందీలో పొగిడారు. వాటిలో ఆమె రాసింది కూడా ఉంది, ఆమె ఫొటోతో సహా. నేను ఇచ్చిన మాత్రలకు ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క చుక్క ఇచ్చిన పాపాన పోలేదు. ఆ మంట నాకు కడుపులో మిగిలిపోయింది.

మర్నాడు రైల్లో టెక్నీషియన్‌కి ఆ పేజీ చూపించాను.

"ఇవన్నీ దొంగ రాతలు. యాడో ఒక గదిలో మనుషుల్ని కూచోబెట్టి, కూలిచ్చి రాయిస్తాంటారు."

"నీకెట్ల తెలుసన్నా?"

"మోకాళ్లు వారంలో బాగైతాయా? బుద్ధుండేవాడు ఎవడన్నా ఇట్ల రాస్తాడా? ఇది చూడు. బుక్కపట్నం నుంచి ఎవడో రాసినాడంట. 'చెరువుకట్ట ఎక్కలేకపోతాంటి, ఇప్పుడు వల భుజానేసుకోని పోతాండా' అని. బుక్కపట్నం అంటే చెరువు, చెరువంటే వల. పాఠం అప్పజెప్పినట్ల లేదూ?"

వాడు ఫోన్ నా చేతిలోంచి లాక్కుని, ఆ రివ్యూకింద ఉన్న ఫొటోను పెద్దది చేసి చూశాడు. నులక మంచం మీద పొడి డబ్బా ఉంది.

"ఏమబ్బా, ఈ మంచం మా చిన్నమ్మోళ్లింట్లోది గదా!"

అంటూనే ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడు. పెట్టెలో అందరికీ వినబడేలా.

"రేయ్, నువ్వు మోకాళ్ల పొడికి ఏమన్నా రాసినావా?"

"రాసినాలేన్నా. నీకూ కావల్నా ఏమి?"

"నిజంగా తగ్గిందా?"

"తగ్గకపోతే వల ఎవురు మోస్తాండారు, నువ్వొచ్చి మోస్తాండావా?"

పెట్టె పెట్టెంతా నవ్వింది. టెక్నీషియన్ ఫోన్ నా ఒళ్లో పెట్టి, "అన్నా, నీ దొంగల్లో ఒకడు మా చిన్నమ్మ కొడుకు. మిగతావాళ్లని నువ్వు వెతుక్కో" అన్నాడు. దొంగలు దొరుకుతారనుకుని వెతికితే, ఫోనెత్తి నిజం చెప్పే మనిషి దొరికాడు. ధర్మవరం వచ్చేదాకా నేను ఎదురు సీటు కింద ఉన్న వేరుశనగ తొక్కులు చూస్తూ కూర్చున్నాను.

అయినా వదల్లేదు. డబ్బా మీద ఇందులో ఇవి ఉన్నాయని రాయాలి కదా. "ప్రాచీన మూలికలు" అని మాత్రం ఉంది. నేను ఒక్క చుక్క పెట్టి రాయబోతే, కొననివాళ్లు రాయకూడదన్నారు. సరేనని కొన్నాను. "నేను ఫార్మసిస్టును. ఇందులో ఏముందో చెప్పని మందు నోట్లో వేసుకోవద్దు" అని రాశాను. ఆ చేతులు జోడించిన బొమ్మ అప్పుడొచ్చిందే. సాయం కోసం ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"మీకు పార్సిల్ ఆలస్యంగా వచ్చిందా సార్?"

"లేదమ్మా."

"డబ్బా పగిలిపోయి వచ్చిందా సార్?"

"బాగానే వచ్చింది."

"మరి మీ సమస్య ఏంటి సార్?"

"లోపలున్న మందమ్మా!"

ఆమె కాసేపు వెతికింది. "ఆ ఆప్షన్ లేదు సార్" అంది.

మందుల తనిఖీ చూసే ఒక అధికారికి అర్జీ ఇచ్చాను. అమ్మేవాడు దాన్ని ఆహారం అంటున్నాడు కాబట్టి తన కిందికి రాదన్నాడాయన. ఆహారం తనిఖీ చేసే ఆయన దగ్గరికి వెళ్తే, నొప్పి తగ్గిస్తుందంటున్నాడంటే మందే కదా అన్నాడు. ఇద్దరూ ఒకే వరండాలో ఎదురెదురు గదుల్లో కూర్చునేవాళ్లు. కొన్న డబ్బా నా సంచిలోనే, అన్నం క్యారియర్ పక్కన ఉండిపోయింది.

ఆ చీరలామె మళ్లీ కిటికీ దగ్గరికి రాలేదు. కొన్ని నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం ఆటోలో ఒక ఆడమనిషిని పడుకోబెట్టుకుని తెచ్చారు. నేను అత్యవసర గదికి సెలైన్ సీసాలు చేర్చడానికి వెళ్లి ఉన్నాను. మంచం మీది ముఖం నాకు తెలియలేదు. గుండ్రంగా, నున్నగా, బుగ్గలు ఉబ్బి కళ్లు లోపలికి పోయి ఉంది. చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి, చర్మం మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు. పక్కనున్న మొగుడు నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, పొడి అయిపోయినప్పట్నించీ మనిషి లేయలేదు సార్. పార్సిల్ ఇంకా రాలేదు. నీళ్లు తాగినా కక్కుకుంటాంది. ఇంగో డబ్బా యాడన్నా దొరుకుతాదా సార్?"

అప్పుడర్థమైంది నాకు ఆమె ఎవరో. పెళ్లాం ఆ స్థితిలో ఉంటే ఆయన అడుగుతున్నది డాక్టరును కాదు, ఇంకో డబ్బాను.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నవయసు, కొత్తగా చేరింది. రక్తపోటు చూసింది. మళ్లీ చూసింది. "ఏం మందులు వాడుతోంది?" అంది.

నేను ముందుకు వచ్చాను. "ఏదో బూటకపు పొడి మేడం. ఫోన్లో తెప్పించుకుంది. అందులో ఏమీ ఉండదు, బియ్యప్పిండో బెల్లమో కలిపి అమ్ముతారు."

"ఏమీ లేకపోతే ముఖం ఇలా ఎందుకవుతుంది? అందులో స్టిరాయిడ్ కలిపారు. నెలల తరబడి తాగి ఒక్కసారిగా ఆపేసింది. హైడ్రోకార్టిజోన్ తీసుకురండి. నిలబడకండి!"

నిలబడకండి అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ పరుగెత్తాను. ఆ వయసులో, ఆ మోకాళ్లతో, స్టోరుదాకా వెళ్లి ఇంజెక్షన్లు తెచ్చాను. సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచింది. మంచినీళ్లు అడిగి తాగింది, అవి కడుపులో నిలిచాయి.

నా సంచిలోని డబ్బా తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆమె వివరంగా చెప్పింది. స్టిరాయిడ్ కలిపిన పొడి నొప్పిని నిజంగానే అణిచేస్తుందట. మనిషి లేచి నడుస్తాడు, ఆకలి పుడుతుంది, హుషారు వస్తుంది. లోపల రక్తంలో చక్కెర పెరిగిపోతుంది. ఒళ్లు మాత్రం తనకు కావలసిన స్టిరాయిడ్‌ను తాను తయారు చేసుకోవడం మానేస్తుంది. ఆ సంగతి పొడి ఆపిన రోజు బయటపడుతుంది.

"అయితే ఈ రాసినవాళ్లంతా..." అన్నాను.

"అబద్ధం రాయలేదు. మొదటి వారంలో రాశారు, అంతే. తర్వాత ఏమైందో రాయడానికి ఎవరు వస్తారు?"

దొంగ రాతలైతే నాకు ఎంతో సుఖంగా ఉండేది. తిట్టుకోవడానికి ఒకడు ఉండేవాడు. ఇంతమంది నిజం చెప్పి, ఆ నిజాలన్నీ కలిసి ఒక మనిషిని ఇక్కడికి మోసుకొచ్చాయంటే, ఎవరిమీద ఫిర్యాదు చెయ్యాలి? ముప్పై ఏళ్లుగా ఫిర్యాదులు రాస్తున్న నాకే తోచలేదు. టెక్నీషియన్ అప్పటికే వరండాలో ఫోన్ పట్టుకుని వాళ్ల చిన్నమ్మ కొడుకుతో, "రేయ్, మానద్దు. ఈడికి రా. నీ అంతకు నువ్వు మానద్దు" అని అరుస్తున్నాడు.

అంతలో చీరలామె నన్ను మంచం దగ్గరికి పిలిచింది. గొంతు సరిగ్గా రావడం లేదు.

"మా యమ్మ గూడా తాగుతాంది సార్. పెనుకొండలో. ఆయమ్మకి చక్కెరుండాది."

"నువ్వు ఇచ్చినావా?"

"నేనియ్యలే సార్. చెప్పనన్నా చెప్పలే. పక్కింటి పాప ఫోన్లో నేను రాసింది చదివి వినిపించిందంట."

సాయంత్రం రైలుకు నేనూ టెక్నీషియన్ పెనుకొండలో దిగాం. వాడు ల్యాబ్ నుంచి చక్కెర చూసే చిన్న యంత్రం జేబులో వేసుకొచ్చాడు. ముసలామె గడప మీద కూర్చుని ఉంది. కూతురి ముఖం ఎలా ఉబ్బిందో ఆమెదీ అలాగే ఉంది. ఒక పాదానికి పాత గుడ్డ చుట్టి ఉంది. దగ్గరికి పోగానే వాసన తెలిసింది.

"అవ్వా, నీ కూతురు పంపించింది మమ్మల్ని. ఆ పొడి యాడ దొరికింది నీకు?"

"పక్కింటి పాప తెప్పించింది నాయనా. నా కూతురు రాసిందని సదివి చెప్పింది. ఊళ్లో వాళ్లు రాసింటే నేను నమ్ముతానా? కడుపున పుట్టిన బిడ్డ రాసింది."

"చక్కెర మాత్రలు?"

"అవెందుకింక? పొడి తాగితే ఒళ్లు తేలిగ్గుండాది గదా. ఈ పుండొకటి మానకుండాది గానీ."

టెక్నీషియన్ వేలి నుంచి రక్తం చుక్క తీసి పెట్టాడు. యంత్రం అంకె చూపించలేదు. అంతకు మించి కొలవలేనని చెప్పే రెండక్షరాలు చూపించింది. వాడు దాన్ని జేబులో పెట్టుకుని వీధిలోకి పోయి ఆటో పిలిచాడు. ఆ రోజు ఆటోలో బయటి వైపు సీటు నాకు వదిలాడు. ఎందుకో ఆ మర్యాద నాకు అస్సలు నచ్చలేదు.

ముసలామెను ఆ ఆటోలోనే ధర్మవరం తెచ్చాం, అక్కడి నుంచి అదే రోజు అనంతపురం పంపారు. ప్రాణం నిలిచింది. పాదం నిలవలేదు.

కూతురు మా వార్డులోనే ఇంకొన్నాళ్లు ఉంది. డాక్టరమ్మ ఆ స్టిరాయిడ్‌నే మందుగా ఇస్తూ, కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. ఆమె రాసిన మెప్పుకోలు ఆ పేజీలో అలాగే ఉంది. దానికింద "ఇది నాకు ఉపయోగపడింది" అని కొత్తగా నొక్కినవాళ్లు కనిపిస్తున్నారు. రోజూ నేను ఆమె మంచం దగ్గరికి పోయేవాణ్ని.

"అది తీసేసి, ఒక్క చుక్క పెట్టి రాయమ్మా. నాది వాళ్లు వెనక్కి కొట్టినారు. నువ్వు తాగినదానివి, నీ మాట వింటారు."

"ఒక్క చుక్క పెట్టను సార్."

"ఎందుకు పెట్టవు?"

"మాకొకసారి పెట్టినారు సార్. ఫొటోలో నెమలికంఠం రంగు, వచ్చిన చీర నీలమని. ఎండలో తీసిన ఫొటో సార్ అది. ఆ ఒక్క చుక్క పడినాంక మాకు ఒక్క ఆర్డరు రాలేదు, మగ్గం ఆగిపోయింది. మా వీధిలో అందరికీ తెలుసు ఆ బాధ. ఏం తెప్పించుకున్నా, ఎట్లుండేది వచ్చినా ఐదే నొక్కుతాం. సబ్బుకైనా, చెప్పులకైనా. ఒకరి కడుపు మీద కొట్టేదానికి మాకు చెయ్యి రాదు."

అప్పుడు తెలిసింది నాకు. ఆ వీధి వీధంతా అన్నిటికీ ఐదు చుక్కలు ఇస్తున్నారు. వస్తువు బాగుందని కాదు, ఎవరో ఎక్కడో పొయ్యి వెలిగించుకోవాలని. ఆ చుక్కలు చూసి మిగతా ఊళ్లవాళ్లు నోట్లో పోసుకుంటున్నారు. అంత మంచితనం నన్ను భయపెట్టింది. కోపం ఆపుకోలేకపోయాను.

"మీ యమ్మకు పాదం తీసేసినారమ్మా! ఇంకా వాడి కడుపు సంగతి చూస్తాండావా?"

వార్డులో అందరూ ఇటు తిరిగారు. ఆమె నావైపు చూడలేదు.

"అది నాకు తెలీదా సార్?" అంది.

టెక్నీషియన్ వచ్చి నన్ను భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. "ఏమప్పా నువ్వు" అన్నాడు.

ఆమె ఇంటికి పోయాక ఒకరోజు తిరిగి చూపించుకోవడానికి వచ్చింది. ముఖం కొంత దిగింది. మళ్లీ మాత్రలే తీసుకుంది. తీసుకుని, ఫోన్ కిటికీలోంచి లోపలికి పెట్టింది.

"రాసినా సార్."

చూస్తే ఐదు చుక్కలూ వెలుగుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. "మళ్లీ ఐదేనా?"

"కింద చదవండి సార్."

చదివాను. ఆమె రాసిన మాటలు ఇవి:

"డబ్బా బాగా చుట్టి పంపినారు. తెచ్చినాయన మర్యాదగా ఇచ్చిపోయినాడు. ఈ చుక్కలు వాళ్లకి. పొడి తాగి నేను చచ్చి బతికినా. మా యమ్మకి పాదం తీసేసినారు. ముందు నేను మంచిదని రాసింటి. అది అబద్ధం కాదు, అప్పటికి బాగుండె. మా యమ్మ అది నమ్మింది. ఎవురూ తాగద్దండి. ఇప్పుడు తాగుతాండేవాళ్లు ఉన్నట్టుండి మానద్దండి, ఆసుపత్రికి పోండి."

కింద రెండు ఫొటోలు. ఆసుపత్రి మంచం మీద ఉబ్బిన ఆమె ముఖం, కట్టు కట్టిన తల్లి కాలు.

దాన్ని వాళ్లు వెనక్కి కొట్టలేదు. ఐదు చుక్కలు చూసి యంత్రమే ఒప్పుకుందో, మనిషే చూసి పైపైన దాటేశాడో నాకు తెలియదు. నా ఒక్క చుక్కకు దండం పెట్టి గెంటేసినవాళ్లు, ఆమె ఐదు చుక్కల్ని అన్నిటికంటే పైన కూర్చోబెట్టారు. ఆ అవమానం నాకు ఈ రోజుకీ తగ్గలేదు. తర్వాత ఎప్పుడో పరీక్ష జరిగి, డాక్టరమ్మ చెప్పిందే నిజమని తేలి, ఆ పేజీ మూసేశారు. అది నేను రిటైరయ్యాక. మూసేదాకా జనాన్ని ఆపడానికి మిగిలింది ఆమె రాసిన ఆ నాలుగు ముక్కలే. ఎవరైనా చదువుతారా, చుక్కలు లెక్కపెట్టుకుని కొనేస్తారా అన్నదే నన్ను కొరుక్కుతినేది.

నా ఉద్యోగం ఇంకా కొద్ది రోజులు ఉందనగా, లేపాక్షి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. గొర్రెలు మేపుకునే మనిషి, భుజాన కంబళి. మందుల చీటీ ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో ఫోన్ చూపించాడు.

"సార్, ఈ పొడి ఎట్లుంటాది? మా అవ్వకి మోకాళ్లు. అయిదు చుక్కలుండాయి, ఇప్పుడే నొక్కుదామనుకుంటి."

అదే డబ్బా. నేను చెప్పబోయి ఆగాను. నేను చెబితే ఎవరు విన్నారు గనక?

"పైన రాసింది చదువప్పా. గట్టిగా చదువు."

అతను వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. డబ్బా బాగా చుట్టి పంపినారు. తెచ్చినాయన మర్యాదగా ఇచ్చిపోయినాడు. అక్కడిదాకా తల ఊపుతూ చదివాడు. తర్వాతి వాక్యం దగ్గర గొంతు చిన్నదైంది. వరుసలో ఉన్నవాళ్లు ముందుకు వంగారు. ఆఖరిదాకా చదివి, ఫొటో చూశాడు. ఫోన్ కంబళిలో దోపుకున్నాడు. మళ్లీ బయటికి తీశాడు.

"ఈయమ్మ బతికుండాదా సార్?"

"ఉండాది. మగ్గం మీద కూచుంటాంది."

"ఆ పెద్దామె?"

"ఉండాది. కర్రపట్టుకోని నడుస్తాంది."

అతను నొక్కబోయినది నా ముందే రద్దు చేశాడు. మా అవ్వకి మీరే ఏమన్నా ఇయ్యండి అన్నాడు. అవ్వను చూడకుండా ఇవ్వకూడదు, రేపు తీసుకురమ్మన్నాను. సరేనని రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"ఇంత జరిగింది గదా సార్, మరి ఆయమ్మ అయిదెందుకు పెట్టింది?"

వరుసంతా నావైపే చూస్తోంది. ఇదే ప్రశ్న మీద ఒక మంచంలో ఉన్న మనిషిని అందరి ముందూ గద్దించినవాణ్ని నేను.

"పార్సిల్ తెచ్చినాయన మర్యాదగా ఇచ్చిపోయినాడంట" అన్నాను. "తర్వాత ఎవరు, ముందుకు రండి."